కూతురి పేరుతో సంతకం

తమ్ముడూ,

నీ కూతురి పేరుతో సంతకం పెట్టడానికి నీకు చెయ్యెలా వచ్చింది? తను ఉద్యోగం మానేస్తున్నట్టు ఆసుపత్రి డాక్టరుకి ఉత్తరం రాసి పంపావు. అది అబద్ధసాక్ష్యం. తండ్రికి మినహాయింపు ఉందని బైబిల్లో ఏ అధ్యాయంలోనూ నాకు కనబడలేదు.

బుద్ధి చెప్పి ఇంటికి తీసుకురమ్మన్నావని ఆ గ్రంథం చంకన పెట్టుకుని తనుండే చోటికి వెళ్ళాను. ఒకటే గది. కిటికీకి ఉతికిన యూనిఫాం ఆరేసి ఉంది. పొయ్యి పక్కన రెండు కంచాలు. రెండోది ఎవరికన్నాను.

"చెప్పకుండా ఊడిపడేవాళ్ళకి, పెదనాన్నా" అంటూ అన్నం వడ్డించింది.

వైద్య సహాయకురాలి జీతం చిన్నదే. దాంతోనే గడుపుకుంటోంది, ఎవరి ముందూ చెయ్యి చాపడం లేదు.

మర్నాడు ఆసుపత్రిలో షుగరు పరీక్షకి నా రక్తం తీయబోతూ పేరు చెప్పమంది.

"నన్నెరగవా?" అని కసిరాను.

"ఎత్తుకు పెంచారు, ఎరగకేం? అడగందే సూది పట్టను. ఒకరి పేరు ఇంకొకరి సీసా మీద పడితే ప్రాణాలు పోతాయి."

ఇన్నేళ్ళు గొంతు చించుకుని బోధించినవాణ్ణి, ఆ కుర్చీలో బడిపిల్లాడిలా నా పేరు చెప్పాను.

డాక్టరు చూపించిన ఉత్తరంలో నీ చేతిరాత ఆమె గుర్తుపట్టింది. "మా నాన్నని దొంగని చెయ్యలేను" అని డాక్టరు దగ్గర నోరు విప్పలేదు. రేపు ఉదయం ఆమె పనిలోకి ఇంకొకరు వస్తున్నారు.

ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేత పంపుతున్నాను. అదే బస్సు తిరిగి వస్తుంది, ఎక్కు. సాయంత్రం ఆరింటికి ఆసుపత్రి మూసేస్తారు. ఆలోగా డాక్టరు ఎదుట నిలబడి "రాసింది నేను" అని చెప్పు. ఇవాళే బయల్దేరు.

మీ అన్నయ్య