తుపాకీ ఎవరింట్లో ఉండేది

12 నవంబరు 1996, మంగళవారం
అల్ సద్, దోహా

పన్నెండు గంటల డ్యూటీతో ఒళ్ళు హూనమైంది. అయినా రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మధ్యాహ్నం క్లినిక్ టీ గదిలో, టీవీలో దక్షిణాఫ్రికా విచారణ చూపించారు. తెల్లవాళ్ళ పాలనలో పోలీసులు కాల్చి చంపిన కుర్రాడి తల్లి సాక్ష్యం చెబుతోంది. మా నర్సుల్లో ఇద్దరిది ఆ దేశమే. కారిన్ తెల్లజాతి పిల్ల, నోమ్సా నల్లజాతి మనిషి.

"మా ఇంట్లోనూ తుపాకీ ఉండేది. భయంతో నాన్న దిండు కింద పెట్టుకునేవాడు," అంది కారిన్ మెల్లగా.

"మా నాన్న లైసెన్సు అడగబోతే ఫారం కూడా ఇవ్వలేదు తల్లీ. భయపడాలన్నా తెల్లవాళ్ళయి పుట్టాలన్నమాట!" అని నోమ్సా నవ్వింది. నావైపు తిరిగి, "మీ ఊళ్ళో ఎవరికుండేది?" అంది.

"కామందు గారికి," అన్నాను.

కూలి పెంచమన్నందుకు ఆయనే నాన్న కాలిమీద కాల్చాడని మా పేటంతా అనుకుంటారు. నాన్న మాత్రం తాటిచెట్టు మీంచి పడ్డానంటాడు. కేసూ లేదు, విచారణా లేదు.

ఇందాక నిజం చెప్పమని నాన్నకి ఉత్తరం రాశాను. కానీ ఆయనకి చదువు రాదు. నా ఉత్తరాలు చదివి వినిపించేది మా బడి మాస్టారు. కామందు గారి చిన్నకొడుకు. నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే. మంచివాడు. ఆయన నోట నాన్న ఆ ప్రశ్న ఎలా వింటాడు?

చించేశాను. కొత్త కాగితం మీద, "నాన్నా, చలికి కాలు లాగుతోందా?" అని మాత్రం రాశాను.