బావమరిదికి ఫోన్ చేయని వారం

సోమవారం, పొద్దున
ఈరోజు నుంచి శపథం. మా కంప్యూటర్‌లో నెట్ ఎందుకు పోతోందో నేనే కనిపెడతాను, నేనే బాగుచేస్తాను. బావమరిదికి ఫోన్ చేసే ప్రసక్తే లేదు! కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకుంటానన్నప్పుడు, నీకెందుకొచ్చిన గొడవ బావా అన్న మనిషి. గురువారం మా ఆవిడకి ఆన్‌లైన్‌లో లెక్కల డెమో క్లాసు. బాగా చెబితే టీచరు ఉద్యోగం. ఫోన్‌లో కుదరదట, కంప్యూటరే కావాలట. ఎంత పని? చిటికెలో అయిపోతుంది.

సాయంత్రం
రూటర్ ఆపి మళ్ళీ వేశాను. నెట్ వచ్చింది! ఆవిడని పిలిచి చూపించేలోపు పోయింది. పోతే పోయింది, వచ్చిందా లేదా?

మంగళవారం
అదే రూటర్‌తో ఫోన్‌లో నెట్ బ్రహ్మాండంగా ఉంది. అంటే తప్పు రూటర్‌ది కాదు, కంప్యూటర్‌ది. నాది అసలే కాదు. ఆ మాటే ఆవిడతో అన్నాను. తప్పెవరిదైతే నాకేం, గురువారానికి నెట్ ఉంటే చాలంది.

బుధవారం, పొద్దున
దొరికింది దొంగ! నెట్‌వర్క్ నడిపే ప్రోగ్రామే పాడైంది. పాతది పీకేసి కొత్తది వేస్తే సరి. పీకేశాను.

కాసేపటికి
కొత్తది డౌన్‌లోడ్ చేయాలట. దానికి నెట్ కావాలట. కొంప మునిగింది! ఇప్పుడు వైఫై గుర్తు కూడా కనబడటం లేదు.

సాయంత్రం
బావమరిదికి ఫోన్ చేశాను. యోగక్షేమాల కోసమే. వాళ్ళ పాప జలుబు గురించి చాలాసేపు మాట్లాడాను. చివరికి అతనే, "ఏం పీకేశావు బావా?" అన్నాడు. చెప్పాను. నవ్వాడు, నవ్వుతూనే ఉన్నాడు. పెన్‌డ్రైవ్‌లో తెస్తాడట, శనివారానికిగానీ రాలేడట. ఆవిడ అంతా వింది, వెళ్ళి తెల్లబోర్డు తుడుచుకుంది. నా పంతానికి ఆవిడ ఉద్యోగం పోతుందేమోనని నిజంగా భయమేసింది.

గురువారం
ఆవిడ తెల్లబోర్డు చంకన పెట్టుకుని పక్కింటి పిన్నిగారి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళిపోయింది. నేను గోడకి చెవి ఆనించి విన్నాను. భిన్నాలు. ఎంత చక్కగా చెప్పిందో, నాకే అర్థమైపోయాయి! ఉద్యోగం వచ్చింది. క్షమించమన్నాను. "మొదటి జీతంతో నాకో కంప్యూటర్ కొనుక్కుంటాను. దాని జోలికి మాత్రం మీరు రాకండి" అంది.

శుక్రవారం
ఈరోజు నుంచి శపథం. పాత కంప్యూటర్ ఇక నా ఒక్కడిదే, తొందరపెట్టేవాళ్ళు లేరు. బావమరిదిని శనివారం రావద్దన్నాను. నేనే బాగుచేస్తాను, అతనికి ఫోన్ చేయనే చేయను! వాడికీ పనులుంటాయంటూ ఆవిడ నా ఫోన్‌లోంచి తమ్ముడి నంబరు తీసేసింది.

అది నాకు కంఠతా వచ్చన్న సంగతి ఆవిడకి చెప్పలేదు.