కల్లంలో లెక్కలు

రాజ్యం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అందదని తెలిసే రాస్తున్నాను.

లెక్కల్లో వెనకబడిన పిల్లలకు నేను సాయంత్రాలు పెట్టే క్లాసు నీకు నచ్చేది కాదు. మిరప కోతల్లో అలిసి వచ్చి నిద్రపోయేవారు. "వీళ్ళకు చదువు మీద ధ్యాసే లేదు" అని విసుక్కుంటే, "మీరే కల్లానికి వెళ్ళకూడదూ?" అనేదానివి.

ఇవాళ వెళ్ళాను. పిల్లలు రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. పది కాయల్లో మూడు తాలైతే ఎంత భాగమని అడిగాను. అందరూ ఒక్కసారిగా "పదింట మూడు!" అని అరిచారు. నేను తుమ్ముతుంటే ఒకటే నవ్వు. అందరికంటే ముందు నిద్రపోయే మస్తాన్‌బీ, "రేపు కూడా రండి మాస్టారూ!" అంది.

గుండె తేలికపడింది. నీ మాటే నెగ్గింది, సరేనా?

ఇంటికొచ్చి నడింట్లో కండువా దులిపాను. ఘాటు కమ్ముకుంది. "గుమ్మం బయట దులుపుకోండీ!" అని అరిచే మనిషి లేదు. నేనే మళ్ళీ గుమ్మం దాటి దులుపుకొని వచ్చాను.