తాబేలు పరుగెత్తదు

మంగళవారం

మా దేవికి,

నాన్న దీవెనలు. అరుస్తానని ఫోన్ పెట్టేస్తున్నావు. కాగితం అరవదు కదా, చదువు. మన వీధి గోవింద్ నడిపే ఆటోలో పంపుతున్నాను.

నిన్నటినుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. రామకోవెలలో గీత చెబుదామని పుస్తకం విప్పితే శ్లోకం కనబడదు, నీ మొగుడి చలానా కనబడుతుంది. తాగి చేపల వ్యాను నడిపి, కోర్టులో జరిమానా కట్టి, ఆరు నెలలు లైసెన్సు పోగొట్టుకున్న మనిషి! అది చేతికి తిరిగొచ్చిందో లేదో, భోగాపురం అవతల హైవే మీద తొంభై ఎనిమిది స్పీడులో పోతూ కెమెరాకి దొరికాడు. లైసెన్సు పూర్తిగా ఎందుకు రద్దు చేయకూడదో శుక్రవారం వచ్చి చెప్పుకోమని విజయనగరం నుంచి ఆర్టీఓ ఆఫీసు నోటీసు. బండి తిరగకపోతే మీ పొయ్యి వెలగదు. అది తెలిసీ తొక్కాడంటే తాగే తొక్కాడు. వేరే కారణం ఏముంటుంది?

పోయినసారి ఆఫీసరు ముందు "వీడు నా మేనల్లుడు, నా అల్లుడు, పూచీ నాది" అన్నవాణ్ణి నేను. ఇక తాగనని గంగమ్మ ముందు ఒట్టు వేయించినవాణ్ణీ నేనే. "భగవానుడు తాబేలును చూపించాడురా! అది కాళ్లూ తలా ముడుచుకున్నట్టు మనసుని ముడుచుకో. సారా కొట్టు కనబడితే ఆగకు, పరుగెత్తు!" అని ఊరంతా వినేలా మైకులో వాడికే చెప్పాను.

ఇప్పుడు వాళ్లమ్మ, మా లక్ష్మణమ్మక్క, చేపల బేరం వదిలేసి వచ్చి నా చొక్కా పట్టుకుంది. "ఒరే, నీ నోరు పెద్దది గదా, ఆఫీసరుకి రెండు ముక్కలు సెప్పి మా ధనరాజుని కాయరా" అంది. కాయనన్నాను. శుక్రవారం వెళ్లి నా పూచీ వెనక్కి తీసుకుంటాను. నువ్వు పిల్లని ఎత్తుకుని మనింటికి వచ్చెయ్యి.

కంటిమీద కునుకు లేని
నీ నాన్న అప్పలసూరి


శనివారం

దేవమ్మా,

ముందు ఉత్తరం చింపెయ్యి. పొయ్యిలో పెట్టినా మంచిదే.

నిన్న విజయనగరం వెళ్తూ, సాక్ష్యం దొరుకుతుందని ఆ కెమెరా దగ్గర దిగాను. దానికి ఎదురుగానే వైన్ షాపు, పాత రోజుల్లో వాడు బండి ఆపే కొట్టు. దొరికాడనుకుని కండువా బిగించి లోపలికి పోయాను.

"ఏటి గురువుగారూ, తమరు కూడా మొదలెట్టినారా?" అన్నాడు కొట్టువాడు.

"నోర్ముయ్! మా ధనరాజు ఇక్కడ తాగుతున్నాడా లేదా?"

"సేపల బండి ధనరాజా? ఆడు ఆగి ఎన్నాళ్లయ్యిందో! మేం సెయ్యెత్తి పిలిస్తే అద్దం ఎక్కించేసి, బండిని ఇమానంలా దూకించుకు పోతన్నాడు. మా బేరం పోయింది గదేటి."

ఆఫీసు వరండాలో వాడు గోడకి ఆనుకుని ఉన్నాడు. నిజమేనా అని అడిగాను. తల ఎత్తలేదు. "నువ్వే గదా మావా, కొట్టు కనబడితే పరిగెత్తమన్నావు. నెమ్మదిగా ఎల్తే కాలు బ్రేకు మీదకి పోతాది. అందుకే తొక్కుతన్నాను."

ఊరంతా విన్న మాట. నా నోటి మాటే!

ఆఫీసరుకి అంతా చెప్పాను. ఆయన విని, "తాగనందుకు సంతోషం పెద్దాయనా. కానీ తొంభై ఎనిమిదిలో వచ్చే బండి కింద పడేవాడికి ఈ కారణం తెలీదు కదా" అన్నాడు. రద్దు చేయలేదు. లైసెన్సు ఏడాదిపాటు ఆపేశాడు. న్యాయమే. భగవానుడు తాబేలును చూపిస్తే నేను లేడిలా పరుగెత్తమన్నాను. తాబేలు పరుగెత్తుతుందా తల్లీ? ఉన్నచోటే ముడుచుకుంటుంది. అంత పెద్ద మాటకి నా సొంత తొందర అతికించాను.

తిరుగు బస్సులో, పరుగెత్తకుండా దాటి చూద్దామని, ఆ కొట్టుకి ముందే దిగిపోదామన్నాను. ఇద్దరం నడిచాం. లోపలినుంచి "ఒరే ధనరాజూ!" అని కేక. వాడి చెయ్యి నా కండువా కొస పట్టుకుంది. నా కాళ్లు వాటంతటవే జోరందుకున్నాయి, వాణ్ణి లాక్కుపోదామని. వాడు కండువా వెనక్కి లాగాడు.

"నెమ్మది మావా" అన్నాడు. "నడిసే ఎల్దాం."

నడిచే దాటాం.

ఈ ఏడాది వ్యాను గోవింద్ నడుపుతాడు, ధనరాజు పక్కన కూర్చుంటాడు. నువ్వు ఎక్కడికీ రావద్దు. రేపు నేనే వస్తాను. వాడి ముందు నాకు మళ్లీ కోపం వస్తే, వాడన్న మాటే నాకు చెప్పు.

నడక నేర్చుకుంటున్న
నీ నాన్న అప్పలసూరి