ముప్పై ఆరు ఓల్టుల జవాబు

జులై 12, శనివారం, తిరుపతి.

ఇడ్లీకి పిండి రుబ్బాను. మామిడితాండ్రకు మరో పొర పూసి ఎండబెట్టాను. చెక్క మీద పూలు చెక్కే నా మెషీన్‌కు కొత్త పవర్ సప్లై బిగించాను.

మెషీన్‌లో ఉలిని నడిపే స్టెప్పర్ మోటార్లు నేనే చూసి కొన్నాను. పవర్ సప్లై మాత్రం మొదట మరిది సూరి మాట నమ్మి పన్నెండు ఓల్టులది పెట్టాను. చిత్తూరులో చెక్కపని షాపు నడుపుతున్నాడు కదా, తెలిసే ఉంటుందనుకున్నాను. వేగం పెంచగానే ఓల్టులు చాలక మోటార్లు తడబడ్డాయి, తామరపువ్వు వంకరగా వచ్చింది. ఉగాది భోజనాల దగ్గర ఆ చెక్కను సూరే అందరికీ చూపించాడు. "చాలకపోతే నీళ్ళు పొయ్యడానికి ఇది రసం కాదు వదినా!" అన్నాడు. సలహా తనదేనని మాత్రం చెప్పలేదు.

మోటార్లకు కరెంటు అందించే డ్రైవర్ బోర్డు ఎన్ని ఓల్టుల వరకు తట్టుకుంటుందో చదివి, ముప్పై ఆరు ఓల్టులది తెప్పించాను. ఈ రోజు పువ్వు రేకు రేకూ తీరుగా వచ్చింది.

సాయంత్రం సూరి చిత్తూరు నుంచి పూజగది తలుపు పలక మోసుకొచ్చాడు. వాడి మెషీన్ నిలిచిపోయిందట.

"రేపు పొద్దున్నే ఇయ్యల్ల వదినా. నువ్వే కాపాడల్ల."

చెక్కి ఇచ్చాను. వాడు కళ్ళప్పగించి చూశాడు.

"ఏం మార్చినావు వదినా? ఇంత బాగా తిరగతా ఉండాది!"

"ఏం లేదు సూరీ. రొంత నీళ్ళు పోసినా."

వంటింట్లో అత్తమ్మ పకపకా నవ్వింది. వాడు పలకను భుజానికెత్తుకున్నాడు. గడప దాటుతూ మళ్ళీ అడిగినా నేను చెప్పలేదు. వాడి మెషీన్‌కూ ఆ పన్నెండు ఓల్టుల జబ్బేనేమో... రేపు ఫోన్ చేస్తే చెబుతానేమో. ఈ రాత్రికి మాత్రం చెప్పను.

సూరికి ఉగాది నాటి బాకీ: తీరింది.