మృగశిరలో పెట్టిన బీర గింజలు

అల్ ఖోర్, 28-11-1996

అత్తయ్యగారికి నమస్కారం, ఇక్కడ అందరం కులాసా.

మీరిచ్చిన బీర గింజలు పుచ్చినవి కావు. అలా రాసింది మీ అబ్బాయి, తప్పూ ఆయనదే. పెరట్లో చెయ్యాల్సిన పనులు పద్నాలుగు రాసుకుని, కుళాయి, పందిరి అవగానే మృగశిర కార్తె వచ్చిందని ఈ ఎడారి దేశపు జూన్ ఎండలో గింజలు పెట్టేశారు. ఒక్కటీ మొలవలేదు. “అరే సాబ్, జూన్‌లోనా? ఇక్కడ అక్టోబర్‌లో పెట్టాలి!” అని కంపెనీ తోటమాలి తల కొట్టుకున్నాడు. మిగిలిన గింజలు అప్పుడు పెడితే ఇవాళ పందిరంతా పూతే.

అరుగు, పూలమడి ఇంకా కాలేదు. సొర గింజలు పంపండి. మోకాలి నొప్పి తగ్గిందా? మీ మనవరాలు అమ్ముని దీవించండి.

మీకు రాయడానికి మొహం చెల్లక ఆయన నా చేత రాయిస్తున్నారు. తొలి కాయకి గుడ్డపీలిక కట్టి, “ఇది విత్తనానికి, అమ్మకి పంపాలి” అని ఎవర్నీ కొయ్యనివ్వడం లేదు.

మీ కోడలు
లలితకుమారి