తలుపులో పడ్డ స్పీకరు

మామయ్యగారికి నమస్కారాలు.

మీరిచ్చిన కారు బాగానే నడుస్తోంది. ఎడమ తలుపులో స్పీకరు ఒక్కటే మూగబోయింది. మీ అమ్మాయి ట్రైనింగు నుంచి వచ్చేలోగా బిగించేద్దామని కొత్తది కొన్నాను. అది కాస్త పెద్దది. తలుపు ప్లాస్టిక్‌కున్న రంధ్రంలో పట్టడం లేదు. ప్లాస్టిక్ చూస్తే చెప్పు అట్టంత మందం. నలభై ఏళ్లు కార్లు బాగుచేసిన చెయ్యి మీది. ఎలా కొయ్యాలో రాయండి.

మీ అల్లుడు

తా.క.: వెళ్తూ మీ అమ్మాయి అన్న చివరి మాట, "కారు జోలికి మాత్రం వెళ్లకండి."

*

అల్లుడుగారికి,

ఇక్కడ అందరం క్షేమం. పెన్సిలుతో గుండ్రంగా గీసుకోండి. గీత లోపలి అంచు వెంబడి డ్రిల్లుతో చిన్న బెజ్జాలు వేసి, సన్న రంపంతో వాటిని కలపండి. ఆకురాయితో నున్నగా అరగదీయండి. తొందరపడకండి.

మీ మామయ్య

తా.క.: స్పీకరు ముందు అంచు కొలత తీసుకోకండి. వెనక డబ్బా కొలతే తీసుకోండి. అంచు ప్లాస్టిక్ మీద ఆనాలి.

*

మామయ్యగారూ,

మీ తా.క. కాగితం వెనకవైపు ఉంది. నేను కాగితం తిప్పింది కోయడం అయ్యాక.

స్పీకరు పెట్టాను. ఆనలేదు. నేరుగా తలుపులోకి జారి ఠంగుమంది. అప్పటి నుంచి అద్దం సగంలోనే ఆగిపోయింది. రెండు రోజులుగా ఒకటే వాన. సీటు మీద గొడుగు తెరిచి పెట్టాను. ఇరుగుపొరుగు వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెళ్తున్నారు.

మీ అల్లుడు

తా.క.: సీటు తడిసింది. గొడుగు బాగానే ఉంది.

*

అల్లుడుగారికి,

ఏమీ మునిగిపోలేదు. తలుపు లోపలివైపు పలక ఊడదీసి, కింది దాకా చెయ్యి పెట్టి స్పీకరు తియ్యండి.

మీ మామయ్య

తా.క.: ఇంకేదైనా తగిలితే అక్కడే వదిలెయ్యండి.

*

మామయ్యగారూ,

తీశాను. నిలువెల్లా తుప్పు. వారంలో ఇంత తుప్పేమిటని దుకాణానికి పట్టుకెళ్లి పోట్లాడాను. ఆయన తిప్పి తిప్పి చూసి, "బాబూ, ఇది మా దుకాణం తెరవకముందుదే" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఇంటికొచ్చి మళ్లీ చెయ్యి పెడితే నా కొత్త స్పీకరు దొరికింది, మధ్యలో కాగితం చిరిగి.

శుక్రవారం మీ అమ్మాయి వస్తోంది. ఆమెకు ముఖం చూపించే ధైర్యం నాకు లేదు. మా అన్నయ్య దగ్గరికి వెళ్లిపోదామనుకుంటున్నాను.

మీ అల్లుడు

తా.క.: ఆ తుప్పుది ఎవరిది?

*

బాబూ,

ఎక్కడికీ వెళ్లకు. ఆ తుప్పుది నాది.

మీ ఆవిడ స్కూల్లో చదివే రోజుల్లో నేనూ ముందు అంచు కొలతే తీసుకుని కోశాను. నాదీ ఠంగుమంది. మెకానిక్‌ని కదా, ఎవరికి చెప్పుకోను? నీళ్ల డ్రమ్ము మూత కోసి, ఆ రంధ్రం మీద బిగించి, అందులో చిన్న స్పీకరు పెట్టాను. నువ్వు కోసిన మందపు ప్లాస్టిక్ ఆ మూతే. దాని నాలుగు స్క్రూలు విప్పి ఇంకో మూత బిగిస్తే సరిపోయేది. ఇంకో స్పీకరు కొని, దాని వెనక డబ్బా కొలతకు కొత్త మూతలో రంధ్రం చేసి సిద్ధంగా పెట్టాను. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. పరువు అడ్డొచ్చింది.

గురువారం పొద్దున బస్సుకు వస్తున్నాను.

మీ మామయ్య

తా.క.: కేవలం నిన్ను చూడ్డానికే వస్తున్నానని మీ అత్తయ్యతో చెప్పాను. నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.